గోల్ఫు పేరు చెప్పి

సీత కోపం గురించి భిలాయి రుఆబాంధా సెక్టారులో ఎవరినడిగినా చెబుతారు. కుళాయి బాగుచేయడానికి వచ్చి ‘రేపు చూద్దాం దీదీ’ అని తప్పించుకోబోయినవాడు ఆవిడ గేటు దాటిన దాఖలా లేదు. ఆ పూటే పని పూర్తిచేసి, ఆవిడ ఇచ్చిన టీ తాగి, దండం పెట్టి మరీ వెళ్ళేవాడు. కూరల బండివాడు ఆ వీధి మలుపు తిరిగే ముందే పుచ్చు వంకాయలన్నీ అడుక్కి తోసేసేవాడు. అలాంటి సీత, యాభై ఎనిమిదేళ్ళ సీత, ఒక్క వాక్యం నోట్లోంచి బయటికి రాక నానా అవస్థా పడిందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మకపోతే మానేయండి, జరిగింది మాత్రం అదే.

ఆ వాక్యం కూడా ఏమంత పెద్దది కాదు. ‘నాకు గుర్రం ఎక్కాలని ఉంది.’ అంతే.

సీత పుట్టింది సాలూరులో. వాళ్ళ నాన్న హెల్త్ ఇన్‌స్పెక్టరు. కొండమీది ఊళ్ళకి వెళ్ళి టీకాలు వేయాలంటే అప్పట్లో బస్సూ లేదు, రోడ్డూ లేదు. అందుకని ఆయన ఒక తట్టుగుర్రాన్ని పెట్టుకున్నాడు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు సీత దాని మీద ఉండేది. జీను ఉంటే సరి, లేకపోతే మరీ మంచిది. జూలు పట్టుకుని వేగావతి ఏటి ఇసకలో దాన్ని పరిగెత్తించుకొచ్చేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి తొడల దగ్గర ఆ వెచ్చదనం తెలుస్తుంది.

పెద్దమనిషయ్యాక మొదటిసారి ఎక్కబోతే నాయనమ్మ జడ పట్టుకుని కిందికి లాగింది. “ఈడొచ్చిన పిల్ల గుర్రమెక్కుతాదేటే? లోకం నవ్విపోతాది” అంది. నాన్న చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు. అదే ఏడాది ఆయనకి బదిలీ అయింది, గుర్రాన్ని ఎవరికో ఇచ్చేశారు. సీత ఏడవలేదు. ఆ తరవాత జీవితంలో ఆవిడ ఎవరి మాటకీ పెద్దగా తలవంచిందీ లేదు. కానీ లోకం నవ్విపోతుందన్న ఆ ఒక్క మాట మాత్రం లోపలెక్కడో మేకులా దిగబడిపోయింది.

మల్లేశ్వరరావుతో పెళ్ళయి భిలాయి వచ్చాక, గుర్రం లేకపోతేనేం అన్నట్టు దొరికిన వాహనమల్లా ఎక్కింది. ముందు ఆయన సైకిలు. ఆయన జనరల్ షిఫ్టు నుంచి వచ్చి గోడకి ఆనించగానే తీసుకుపోయేది. తరవాత లూనా, ఆ తరవాత స్కూటీ, చివరికి కారు. తను నేర్చుకోవడంతో ఆగితే సీత ఎందుకవుతుంది? సెక్టారు ఆడవాళ్ళలో సగంమందికి స్కూటీ నేర్పింది తనే. వెనక సీటు మీద కూర్చుని, వాళ్ళ చెవిలో కేకలు పెట్టేది. ఆవిడ హిందీ బజారులో నేర్చిన హిందీ. అందులో ఆడా మగా తేడా ఉండదు, భయమూ ఉండదు. “సామ్నే దేఖో! నీచే క్యా హై, తుమ్హారా సాస్ కా ముఖడా?” అంటే, ముందుకి చూడు, నేల మీద ఏముంది, మీ అత్త మొహమా అని. ఆ తిట్లు తిన్నవాళ్ళే ఇవాళ పిల్లల్ని బళ్ళలో దింపి, బజారు చేసుకుని, ఉద్యోగాలకి వెళ్ళొస్తున్నారు. అందరిలోకీ ఆవిడ మీద ప్రాణం పెట్టేది పక్క క్వార్టరు ఛాయ. దుర్గ్ అమ్మాయి. స్కూటీ వచ్చాకే టీచరు ఉద్యోగంలో చేరింది. ‘దీదీ లేకపోతే నేను ఇంకా రోటీలు లెక్కపెడుతూ వంటింట్లోనే ఉండేదాన్ని’ అని అందరితో అంటుంది.

ఇలా రోజులు హాయిగా వెళ్ళిపోతుండగా మల్లేశ్వరరావుకి అరవై వచ్చాయి. స్టీలు ప్లాంటు రైలు మిల్లులో ఎర్రగా కాలిన పట్టాల పక్కన నిలబడి జీవితమంతా గడిపిన మనిషి, మెడలో పూలదండతో, చేతిలో గోడగడియారంతో ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఇక క్వార్టరు ఖాళీ చేయాలి. ఎక్కడికి వెళ్ళాలి?

ఆ జవాబు విశాఖపట్నంలో రెడీగా ఉంది. ఆయన అన్నయ్య నరసింగరావు గారు మధురవాడలో, తన ఫ్లాటు పక్క ఫ్లాటే తమ్ముడి కోసం మాట్లాడి పెట్టారు. “నువ్వు ఊఁ అను, మిగతాదంతా నే చూసుకుంటాను” అని ఫోనులో రోజూ అదే పాట. మల్లేశ్వరరావు మిల్లులో ఎంతమందిని హడలెత్తించాడో గానీ అన్నయ్య గొంతు వినబడితే ఈ వయసులో కూడా లేచి నిలబడతాడు. ‘వద్దు’ అన్న మాట అన్నయ్యతో ఆయన ఇంతవరకూ అనలేదు. వచ్చే నెలలో షష్టిపూర్తికి అన్నయ్య ఎలాగూ వస్తాడు, అప్పుడు ముఖాముఖీ చెబుతానని ఫోనులో నానబెడుతూ వచ్చాడు.

సీతకి విశాఖ మీద కోపమేమీ లేదు. సముద్రం ఉంది, మంచిదే. కానీ ఆవిడ అప్పటికే ఇంకో చోట మనసు పారేసుకుంది.

జరిగిందేమిటంటే, రాయపూరులో ఉన్న కూతురు వందన ఇంటికి సీత ఒక్కర్తే కారులో వెళ్తోంది. కుమ్హారి దగ్గర రోడ్డు పని జరుగుతోందని బండ్లని పక్కదారి పట్టించారు. ఆ దారిలో పొలాల మధ్య ఒక కొత్త కాలనీ కనబడింది. చిన్న చిన్న ఇళ్ళు, వాటి వెనక తెల్లరంగు కంచె, కంచె లోపల గుర్రాలు! సీత కారు ఎక్కడ ఆపిందో, ఎలా ఆపిందో ఆవిడకే తెలియదు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా వినబడలేదు. ఆ కాలనీలో గుర్రపుసవారీ నేర్పే శాల ఉంది, అవతల వైపు గోల్ఫు మైదానం కూడా ఉంది. గోల్ఫు వైపు ఆవిడ కన్నెత్తి చూస్తే ఒట్టు.

కంచె పక్కన ఒక తెల్ల ఆడగుర్రం గడ్డి నములుతూ ఆవిడని చూసింది. దాన్ని మేపుతున్న బలరాం దాని యజమాని. దాన్ని సవారీ నేర్చుకునేవాళ్ళకి ఇస్తాడు, పెళ్ళిళ్ళ కాలంలో ఊరేగింపులకి తీసుకెళ్తాడు.

“ఏకర్ నావ్ బేబీ హే దీదీ. బైఠ్‌బే కా?” అన్నాడు బలరాం. దీని పేరు బేబీ, ఎక్కి కూర్చుంటావా అని.

సీతకి నాలుక చివరిదాకా వచ్చిన ‘హా’ అక్కడే ఆగిపోయింది. చుట్టూ చూసింది. ఎవరో పిల్లలు, ఒక వాచ్‌మన్, అంతే లోకం. అయినా సరే. “నై నై, మేరేకో నై. మేరా ఆద్మీ కే లియే పూఛ్‌తా” అని, అంటే నాకు కాదు మా ఆయన కోసమని, మొగుడి మీదికి తోసేసి కారెక్కేసింది. దారంతా తనని తానే తిట్టుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మొగుడితో ఏం చెప్పిందో తెలుసా?

“ఏవండీ, కుమ్హారి దాటేక మంచి కాలనీ వచ్చిందండీ. గోల్ఫు ఉందంట.”

“గోల్ఫా?” అన్నాడు మల్లేశ్వరరావు, ములక్కాడ నోట్లోంచి తీసి.

“అవునండీ. మీ జీఎమ్ములందరూ ఆడుతారే, అదే. రిటైరైనోళ్ళకి ఒంటికి మంచిదంట. పచ్చగా, గాలీ వెలుతురూనూ. వందనా పక్కనే ఉంటాది. ఓపాలి చూసొద్దాం, ఏటి పోయింది?”

పాపం, ఆ మనిషి చిన్నప్పుడు విజయనగరం వీధుల్లో కర్రాబిళ్ళ ఆడాడు తప్ప ఇంకో ఆట ముట్టుకున్నవాడు కాదు. అయినా పెళ్ళాం అంత మురిపెంగా అడుగుతుంటే కాదనలేక వెళ్ళాడు. అక్కడి కోచ్ ఆయన చేతికి కర్ర ఇచ్చి, బంతిని చూపించి, కొట్టమన్నాడు. మల్లేశ్వరరావు కర్రాబిళ్ళ ఫక్కీలో ఒక్కటి పీకాడు. బంతి ఉన్నచోటే ఉంది, జానెడు గడ్డిపెళ్ళ మాత్రం లేచి వెళ్ళి కోచ్ టోపీ మీద పడింది. నడుం పట్టేసింది. ఇంటికొచ్చాక సీత జండూబామ్ రాస్తూ, “మొదట్లో అలగే ఉంటాది లెండి, మళ్ళీ ఆదివారం వెళ్దాం” అంది. ఆయన మూలిగి, “సరే” అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే వరస. ఆయన అటు వెళ్ళి మైదానాన్ని దున్నేవాడు. “మీరు ఆడుకోండి, నేనలా గాలికి తిరిగొస్తాను” అని ఈవిడ ఇటు గుర్రాల దగ్గరికి పరుగు. కొంగున బెల్లం ముక్క కట్టుకుని వెళ్ళేది. బేబీకి ఆ కొంగు అలవాటైపోయింది. సీత దూరాన కనబడగానే చెవులు నిక్కించి కంచె దగ్గరికి వచ్చి, మూతితో కొంగు వెతికేది. సీత దాని మెడ నిమురుతూ, నుదుటికి నుదురు ఆనించి, సాలూరు కబుర్లన్నీ చెప్పేది. బలరాం ఎప్పుడూ అదే ప్రశ్న వేసేవాడు. ఆవిడ ఎప్పుడూ మోకాలు నొప్పనో, చీర కొత్తదనో ఏదో ఒకటి చెప్పేది. మొగుడు గోల్ఫులో పడిపోయాడు, ఇక ఇల్లు ఇక్కడే అని మాత్రం లోలోపల పొంగిపోయేది. ఈ చోటుకి వచ్చేస్తే చాలు, ఎక్కడం సంగతి తరవాత, రోజూ పొద్దున్నే కిటికీలోంచి గుర్రాలని చూసినా చాలు అనుకునేది.

కానీ ‘ఇల్లు ఇక్కడే’ అన్న మాట ఆయన నోటినుంచి రాదే! అడిగితే, “అన్నయ్య వచ్చేక చూద్దాం” అంటాడు. షష్టిపూర్తి దగ్గరపడుతున్నకొద్దీ సీతకి అన్నం సయించడం మానేసింది. బావగారు వచ్చి, ‘ఏమ్రా’ అంటే, ఈయన ‘ఊఁ’ అంటాడు. అంతే, తెల్లకంచె గంగలో కలిసినట్టే. నిజం చెప్పేయాలని రోజూ అనుకునేది. ‘ఏవండీ’ అని మొదలుపెట్టేది. ఆయన తలెత్తగానే, ‘మజ్జిగ పొయ్యనా?’ అనేసేది.

ఆ దిగుల్లోనే ఒక సాయంత్రం ఛాయతో వరండాలో టీ తాగుతోంది. షష్టిపూర్తి అంటే ఏమిటని ఛాయ అడిగింది.

“సాఠ్ సాల్ హోతే హీ హమారే మే ఫిర్ సే షాదీ హోతా హై” అంది సీత, అరవై నిండగానే మాలో మళ్ళీ పెళ్ళి చేస్తారని.

“ఫిర్ సే షాదీ?” ఛాయ కప్పు కింద పెట్టేసింది. “కిస్ సే?” ఎవరితో అని.

“ముఝ్ సే! నాతోనే! ఔర్ కిస్ సే? మళ్ళీ తాళి, మళ్ళీ తలంబ్రాలు, సబ్ కుఛ్.”

ఛాయ పడీపడీ నవ్వింది. ఎంత బాగుంది దీదీ మీ పద్ధతి అని మురిసిపోయింది. ఆ నవ్వు చూసి సీత మనసు కాస్త వదులైంది. ఎన్నాళ్ళనుంచో గొంతులో అడ్డంపడ్డది ఆ వదులులోంచి జారిపోయింది. “ఏక్ బాత్ బోలూ ఛాయా? ఘోడీ చఢ్‌నే కా బహుత్ మన్ హై. బహుత్ సాల్ సే.” ఘోడీ ఎక్కాలని ఎన్నో ఏళ్ళుగా మనసు పడుతోందని.

ఆడగుర్రం కాబట్టి ఘోడీ అంది. ఎక్కాలి కాబట్టి చఢ్‌నా అంది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ అమ్మా, హిందీవాళ్ళ ఇళ్ళల్లో ‘ఘోడీ ఎక్కడం’ అంటే గుర్రపుసవారీ కాదు. తలపాగా చుట్టుకున్న పెళ్ళికొడుకు ఆడగుర్రమెక్కి, ముందు బ్యాండు, వెనక చుట్టాలతో పెళ్ళిపందిరికి ఊరేగివెళ్ళడం. ఆ మాటకి అదొక్కటే అర్థం. ఇన్నేళ్ళు భిలాయిలో ఉండి, ఇన్ని ఊరేగింపుల్లో విందులు తిన్న సీతకి ఆ సంగతి తెలియదా? నిక్షేపంగా తెలుసు. మనసంతా బేబీ మీదుంటే గుర్తుకి రాలేదు, అంతే.

ఛాయ కళ్ళు ఇంతింతయ్యాయి. “కిస్‌కా మన్ హై? భాయీసాబ్ కా?” ఎవరికి కోరిక, మీ ఆయనకా అని.

అదిగో, మళ్ళీ ఆ మేకు గుచ్చుకుంది. నాదే అనడానికి నోరు తెరిచింది సీత. తెరిచిన నోటితో, “హా... ఉన్‌కా, ఆయనకే” అనేసింది.

ఛాయ ఇంకేమీ అడగలేదు. అడిగివుంటే కథ ఇక్కడే ఆగిపోయేది. గబగబా టీ తాగి, చెప్పులు వేసుకుని, సీత దగ్గర స్కూటీ నేర్చుకున్న ఆడవాళ్ళందరి ఇళ్ళకీ ఆ స్కూటీ మీదే బయల్దేరింది.

షష్టిపూర్తి రోజు రానేవచ్చింది. సెక్టారులో ఆంధ్రావాళ్ళ గుడి పక్కన కల్యాణమండపం. మామిడాకులు, అరటిపిలకలు, లోపల సన్నాయి. విశాఖ నుంచి నరసింగరావు గారు దిగారు. పొడుగాటి మనిషి, రిటైరైన లెక్చరరు, ఎదురుగా ఎవరున్నా క్లాసే చెబుతారు. వస్తూనే తమ్ముడి భుజం మీద చెయ్యేసి, “తాళి కట్టీ, భోజనాలయ్యేక ఆ ఫ్లాటు మాట తేల్చీ. బిల్డరు కాసుక్కూచున్నాడు” అన్నారు. మల్లేశ్వరరావు బాసికం సవరించుకుంటూ బుర్రూపాడు. ఆ ఊపుడు సీత చూసింది. పట్టుచీరలో, పూలజడతో, గోరింటాకు చేతులతో నిలబడి, ఇంక చెప్పేదేముంది, అయిపోయింది అనుకుంది.

అప్పుడు బయట ఢమఢమమని డోలు మోగింది. దాని వెంటనే బాకాలు. లోపలి సన్నాయి బిత్తరపోయి ఆగిపోయింది.

“మమ్మీ! పప్పా! బాహర్ ఆవో, జల్దీ!” అని వందన పరిగెత్తుకుంటూ వచ్చింది. దానికి తెలుగుకన్నా ముందు హిందీయే వస్తుంది, కంగారులో అయితే మరీను. “బయట ఘోడీ వచ్చింది, నిజం ఘోడీ!”

అందరూ గేటు దగ్గరికొచ్చారు. ఎదురుగా ఎర్రకోట్ల బ్యాండు. వెనక సెక్టారు ఆడవాళ్ళంతా చేతులు పైకెత్తి చిందులు. మధ్యలో జరీ గుడ్డ కప్పుకుని, నుదుటి మీద అద్దాల పట్టీతో, ఎర్రకుచ్చులు ఊపుకుంటూ బేబీ! పక్కన ఇస్త్రీ చొక్కాలో బలరాం. ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి గుర్రం కావాలంటే అందరూ వెళ్ళేది అతని దగ్గరికే. ఛాయ చేతిలో గులాబీరంగు తలపాగా.

“భాయీసాబ్!” అని అరిచింది ఛాయ, డోలుని ఆపించి. “మీకెన్నో ఏళ్ళ కోరికంట కదా! దీదీ అంతా చెప్పింది. ఆయియే, చఢ్ జాయియే, ఎక్కేయండి!”

మల్లేశ్వరరావు మొహం చూడాలి! కాలిన ఇనుము పక్కన నిలబడ్డ మనిషేగానీ, ఆయనకి వీధిలో ఆవు ఎదురొస్తే పక్క సందులోంచి వెళ్ళే అలవాటు. “నాకా? కోరికా?” అని ఒక్కడుగు వెనక్కి వేసి అన్నయ్య కాలు తొక్కాడు. “ఏటిది సీతా?”

సీతకి ఆ మాట వినబడలేదు. ఎందుకంటే అప్పటికే బేబీ గుంపుని తోసుకుంటూ నేరుగా ఆవిడ దగ్గరికొచ్చి, పట్టుచీర కొంగులో మూతి పెట్టి, బెల్లం కోసం వెతుకుతోంది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచి గుర్రం మెడ మీదికి వెళ్ళింది.

మల్లేశ్వరరావు ఎంతైనా ఇంజినీరు. గుర్రాన్ని చూశాడు. కొంగుని చూశాడు. పెళ్ళాం మొహం చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని అలా ఆయన ఎప్పుడూ చూడలేదు.

“నిన్నీ గుర్రం ఎలా గుర్తుపట్టిందే?” అన్నాడు మెల్లిగా.

 బాకావాళ్ళు బాకాలు దించేశారు. సెక్టారంతా చూస్తోంది, విశాఖ చుట్టాలు చూస్తున్నారు, బావగారు కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూస్తున్నారు. నవ్వదలుచుకుంటే లోకానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.  మజ్జిగ పొయ్యనా అని అడగడానికి ఇక్కడ మజ్జిగ కూడా లేదు.

“ఎక్కాలని ఉన్నది ఆయనకి కాదు” అంది గట్టిగా.  “నాకు. చిన్నప్పట్నుంచీ నాకే. గోల్ఫూ లేదు గీల్ఫూ లేదు, ఆ కాలనీకెళ్దామన్నది దీనికోసమే. చెప్పడానికి సిగ్గేసింది.”

చెప్పేసి, ఒళ్ళు తేలికైపోయి, గుర్రం మెడ పట్టుకుని నిలబడిపోయింది.

“పెళ్ళికూతురు గుర్రమెక్కడమేటమ్మా?” అన్నారు నరసింగరావు గారు. “ఎక్కడైనా ఉందా?”

“తో క్యా హువా?” అంది ఛాయ, ఎక్కితే ఏమైందని. అరవై ఏళ్ళకి మళ్ళీ పెళ్ళి ఎక్కడైనా ఉందా మరి అన్నట్టు ఆయనకేసి చూసింది. వెనక ఆడవాళ్ళంతా ఒక్కసారి, “దీదీ! దీదీ!” అని మొదలెట్టారు. “మమ్మీ, చఢ్ జా!” అని వందన గెంతులు. ఎవరో నవ్వారు, నిజమే. అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వు సీత ఇన్నాళ్ళూ భయపడ్డ నవ్వు కాదు. చప్పట్లు కొడుతూ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

మల్లేశ్వరరావు లోపలికి వెళ్ళాడు.  ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చి గుర్రం పక్కన వేసి, అది కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. బేబీ ఊపిరి ఆయన చెవి మీద పడుతుంటే ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“ఎక్కు” అన్నాడు. “వేగిరం ఎక్కీ, అది నన్ను కరిసీలోపు.”

ఎక్కింది సీత. చీర కుచ్చిళ్ళు దోపుకుని, కుర్చీ మీద కాలుపెట్టి, ఒక్క ఊపున. మోకాలు నొప్పి ఏ ఊరు పోయిందో! ఛాయ పైకి ఎగిరి గులాబీ తలపాగా ఆవిడ తల మీద పెట్టింది. బలరాం కళ్ళెం పట్టుకున్నాడు. డోలు మోగింది. బేబీ పెళ్ళిళ్ళ గుర్రం కదా, డోలు వినగానే మెడ వంచి ముద్దుముద్దుగా అడుగులేయడం మొదలెట్టింది. ఆ ఊపుకి సీత నడుం దానంతటదే సాగింది. ఒంటికి మరుపు లేదు. పైనుంచి చూస్తే సెక్టారు రోడ్డు, వేపచెట్లు, క్వార్టర్ల డాబాల మీద ఆరేసిన దుప్పట్లు, దూరంగా ప్లాంటు పొగగొట్టాలు, అన్నీ ఇవాళే కట్టినట్టు కొత్తగా ఉన్నాయి. సంతోషంతో ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు కూడా.

ఊరేగింపు వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళింది. పెళ్ళికొడుకు పట్టుపంచె ఎత్తిపట్టుకుని, గుర్రానికి మర్యాదైన దూరంలో, పక్కన నడుస్తున్నాడు.

“మరి మీ గోల్ఫు?” అంది సీత పైనుంచి, ముక్కు తుడుచుకుంటూ. “మీకిష్టమే గదా?”

“నాకా? ఇష్టమా?” ఆయన గొంతు ఇన్ని ఆదివారాల బాధతో లేచింది. “నా నడుం విరిగిపోయిందే బాబూ! రిటైరైనోణ్ణి ఇంట్లో కూచుని నీ బుర్ర తింతానని భయపడి, నన్ను బయటికి తోలడానికి నువ్వా దారి చూసేవనుకున్నాను. పోనీలే, దాని సుఖం దానిదని దున్నుతున్నాను.”

సీత గుర్రం మీద ఒరిగిపోయి నవ్వింది. వినబడినవాళ్ళంతా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అంతలో నరసింగరావు గారు అడుగులో అడుగేసి తమ్ముడి పక్కకి వచ్చారు.

“సరదా బాగానే ఉంది గానీ” అన్నారు, “మరి ఫ్లాటు మాటేటి? ఊఁ అంటే ఇప్పుడే ఫోను చేసీస్తాను.”

సీత నవ్వు ఆగిపోయింది. కళ్ళెం తాడు పిడికిట బిగించింది. మల్లేశ్వరరావు అన్నయ్యని చూశాడు. తలెత్తి, ఎండకి చెయ్యి అడ్డంపెట్టుకుని, గులాబీ తలపాగా కేసి చూశాడు.

“అన్నయ్యా, మీ అపార్టుమెంటులో గుర్రాన్ని కట్టుకోనిస్తారా?”

“గుర్రమా? కుక్కనే కట్టుకోనివ్వరురా!”

“అయితే మేం రాం” అన్నాడు మల్లేశ్వరరావు.

అన్నయ్యతో మొదటిసారి కాదన్న మనిషి అక్కడే ఆగిపోయి, చెంగుతో చెమట తుడుచుకున్నాడు. నరసింగరావు గారు ఏదో అనబోయారు గానీ, డోలువాడు ఆయన చెవి దగ్గరే మోగిస్తుంటే ఆ మాట ఎవరికీ అందలేదు. కాసేపు చూసి, ఆయన కూడా తలాడించి బ్యాండు వెనక నడవసాగారు.

మండపం గేటు దగ్గర పురోహితుడు పంచాంగం ఊపుతూ నిలబడి ఉన్నాడు. “అమ్మా, దిగండమ్మా! ముహూర్తం దాటిపోతోంది!” అని కేకలేస్తున్నాడు.

సీత బేబీ మెడ మీద తట్టి, దాని మొహం మళ్ళీ రోడ్డు వైపు తిప్పింది.

“దాటనీండి పంతులుగారూ!” అంది. “పెళ్ళి మాకు ఒకపాలి అయిపోయిందిగా!”